నువ్వడిగిన మొదటి ప్రేమ సంగతి

ప్రియమైన సుధీర్,

ప్రభువు నామమున వందనాలు. నీ ఉత్తరం చేరింది. చెల్లెమ్మకి జ్వరం తగ్గిందన్నావు, దేవునికి స్తోత్రం. ఇల్లు మారిన హడావుడి కూడా ఈపాటికి సర్దుకునే ఉంటుంది. ఆ కబుర్లన్నీ ఫోన్‌లో చెప్పుకుందాం. ఈ ఉత్తరం మాత్రం నువ్వు ఆఖరి పేజీ అంచున ఇరికించి రాసిన నాలుగు ముక్కల గురించే. “ప్రార్థన మానలేదు, ఆరాధన మానలేదు, దశమభాగం తప్పలేదు. కానీ యేసయ్యని ప్రేమిస్తున్నావా అని ఎవరైనా నిలదీస్తే మాట గొంతులోనే ఆగిపోతోంది” అన్నావు. ఇంత పెద్ద సంగతిని అంత చిన్న అక్షరాల్లో రాస్తావేంట్రా!

ముందుగా ఒకటి చెబుతాను. ఆ ప్రేమను నీలో నువ్వే పుట్టించుకోవాలని చూడకు. పాటల సౌండు పెంచినా, ఉపవాసం ఇంకో రోజు పొడిగించినా అది పుట్టదు. “ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము” అంటాడు యోహాను (1 యోహాను 4:19). అంటే మన ప్రేమ ఒక జవాబు. పిలుపు చెవిన పడితే పలకడం దానంతటదే వస్తుంది. పలకడం లేదంటే గొంతు బాగు చేసుకోవడం కాదు, ముందు చెవి ఎక్కడుందో చూసుకోవాలి.

నీ పరిస్థితి కొత్తదేమీ కాదు. ఒక సంఘం సంఘమే ఇలా అయింది. ఎఫెసు పట్నపు సంఘం సంగతి నీకు తెలుసు, కానీ ముక్కలు ముక్కలుగా తెలుసు. ఒక వరసలో పెట్టి చూడు. పౌలు అక్కడ మూడేళ్లు ఉన్నాడు (అపొ. కార్యములు 20:31). విశ్వసించినవాళ్లు వచ్చి తాము చేసినవి బయటపెట్టి ఒప్పుకున్నారు, మంత్రవిద్య పుస్తకాలు తెచ్చి అందరి ముందూ కాల్చేశారు. లెక్క కడితే ఏబది వేల వెండి రూకలయింది (19:19). ఒక వెండి రూక అప్పట్లో ఇంచుమించు ఒక రోజు కూలి. అంటే యాభై వేల రోజుల కూలి బూడిదైంది. ఎవరూ వాళ్లను కాల్చమని బలవంతపెట్టినట్టు అక్కడ లేదు. తర్వాత పౌలు బందీగా ఉండి ఆ సంఘానికి రాసిన పత్రికలో చిట్టచివరి వచనం చూడు: “మన ప్రభువైన యేసుక్రీస్తును శాశ్వతమైన ప్రేమతో ప్రేమించు వారికందరికిని కృప కలుగును గాక” (ఎఫెసీ 6:24). కృప, ప్రేమ రెండూ ఒకే వాక్యంలో.

ఒక తరం గడిచింది. ప్రకటన గ్రంథం 2లో ప్రభువు అదే సంఘంతో మాట్లాడుతున్నాడు. క్రియలున్నాయి, కష్టముంది, సహనముంది, దొంగ అపొస్తలులను పరీక్షించి పట్టుకున్నారు, అలయలేదు కూడా. మన సంఘాల్లో ఎక్కడైనా ఇన్ని మంచి మార్కులు వస్తే వార్షికోత్సవంలో శాలువా కప్పుతాం. ఆయన మాత్రం “నీ మొదటి ప్రేమను నీవు వదిలితివి” అన్నాడు. పోగొట్టుకున్నావు అనలేదు, వదిలావు అన్నాడు. నీ ఉత్తరంలో “ఎక్కడో పోయింది” అని రాశావు. ఆ మాట మార్చుకో. వదిలిన చోటు తెలిస్తే వెనక్కి వెళ్లొచ్చు.

ఆయన చెప్పిన మందు మూడు మోతాదులు: “నీవు ఏ స్థితిలోనుండి పడితివో అది జ్ఞాపకము చేసికొని మారుమనస్సు పొంది, ఆ మొదటి క్రియలను చేయుము.” వరస గమనించు. జ్ఞాపకం ముందు, క్రియలు చివర. మనం సాధారణంగా చేసే పొరపాటు ఇక్కడే. చల్లబడ్డామని తెలియగానే మూడో దానికి దూకుతాం. రేపట్నుంచి నాలుగింటికి లేస్తాను, బైబిలు ఏడాదిలో రెండుసార్లు పూర్తిచేస్తాను అంటాం. రెండు వారాలకి అలసట, ఆ పైన నేరభావం. మొదటి మోతాదు మింగకుండా మూడోది మింగితే అంతే. ఇంకో సంగతి చూడు. ఎఫెసీ పత్రిక మొదటి మూడు అధ్యాయాల్లో పౌలు ఇచ్చిన ఆజ్ఞ ఒకే ఒక్కటి. 2:11లో ఉంది. అదేమిటంటే, జ్ఞాపకం చేసుకోండి! మిగతా ఆజ్ఞలన్నీ నాలుగో అధ్యాయం నుంచే.

మరి ఏం జ్ఞాపకం చేసుకోవాలి? ఇక్కడ నిన్ను లూకా 7:36-50కి తీసుకెళ్తాను. కాస్త తీరిగ్గా కూర్చుని చదువు, ఈ ఉత్తరంలో అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

ధర్మశాస్త్రాన్ని తు.చ. తప్పక పాటించే పరిసయ్యుల తెగవాడైన సీమోను ఇంట్లో విందు. ఆ ఊళ్లో పాపాత్మురాలని పేరుపడ్డ ఒక స్త్రీ అత్తరు బుడ్డితో వచ్చింది. (ఆమె పేరు లూకా చెప్పలేదు. మగ్దలేనే మరియ అని ప్రసంగాల్లో అలవాటుగా అనేస్తుంటారు గానీ మగ్దలేనే మరియ పేరు 8:2లోనే మొదట వస్తుంది, ఆమెకూ ఈమెకూ ముడిపెట్టడానికి వాక్యంలో ఆధారం లేదు. బేతనియలో మరియ అత్తరు పూసింది కూడా వేరే సందర్భం, సిలువకు కొద్ది రోజుల ముందు.) వెనకతట్టున ఆయన పాదాల దగ్గర నిలబడింది అని ఎందుకుందో తెలుసా? అప్పటి విందుల్లో బల్ల వైపు తలపెట్టి, ఒక మోచేతిమీద ఆనుకుని, పక్కకి ఒరిగి భోంచేసేవాళ్లు. కాళ్లు వెనక్కి ఉండేవి. అందుకే వెనకనుంచి వచ్చినామెకు ముందు అందింది పాదాలే.

సీమోను మనసులో లెక్కలేసుకుంటుంటే ప్రభువు ఒక చిన్న కథ చెప్పాడు. ఒకడికి ఇద్దరు ఋణస్థులు. ఒకడు అయిదువందల దేనారాలు, ఇంకొకడు యాభై. దేనారమంటే ఒక రోజు కూలి (మత్తయి 20:2). ఏడాదికి మూడొందల పనిదినాలు అనుకుంటే మొదటివాడి అప్పు ఏడాది ఎనిమిది నెలల సంపాదన, రెండోవాడిది రెండు నెలలది. తేడా పదింతలు. కానీ తర్వాతి వాక్యం చూడు: “ఆ అప్పు తీర్చుటకు వారియొద్ద ఏమియు లేనందున అతడు వారిద్దరిని క్షమించెను.” చేతిలో ఏమీ లేకపోవడంలో ఇద్దరూ సమానం. జేబులో పైసా లేనివాడికి యాభై అయితేనేం, అయిదువందలయితేనేం? అక్కడ “క్షమించెను” అన్న చోట గ్రీకులో వాడిన క్రియాపదం “కృప” అనే మాటలోంచే పుట్టింది. కృపగా వదిలేశాడు అని. వడ్డీ మాఫీ కాదు, వాయిదాల సడలింపు కాదు, అసలుతో సహా కొట్టేశాడు.

ఇది నీకోసమే రాస్తున్నాను, సుధీర్. నువ్వు తాతల కాలంనుంచీ విశ్వాసుల కుటుంబంలో పుట్టినవాడివి. సండే స్కూల్లో పెరిగావు, తాగలేదు, జూదమాడలేదు. కూటాల్లో ఎవరో లేచి తాగుడులోంచి, దొంగతనంలోంచి ప్రభువు తనను ఎలా లాగాడో సాక్ష్యం చెబుతుంటే, “నాకు చెప్పుకోవడానికి అంత ఏముంది, అందుకేనేమో నాకు అంత ప్రేమ లేదు” అనుకుంటావు. “ఎవనికి కొంచెముగా క్షమింపబడునో వాడు కొంచెముగా ప్రేమించును” అన్న మాటను నువ్వు అలాగే చదువుతున్నావు. అది సరికాదు. లేకపోతే ఎక్కువ ప్రేమించాలంటే ఎక్కువ పాపం చెయ్యాలని అర్థం వస్తుంది. ఆ వాదనకి పౌలు “అట్లనరాదు” అని రోమా 6లో తలుపేసేశాడు. ప్రభువు కథను ఎవరికి చెప్పాడు? ఆ స్త్రీకి కాదు, సీమోనుకు. సీమోనుకి అప్పు లేకపోవడం కాదు కష్టం, తన అప్పు తనకు కనబడకపోవడం. అందుకే ప్రభువు వెంటనే ఆ అప్పు చిట్టా చదివి వినిపించాడు: కాళ్లకు నీళ్లియ్యలేదు, ముద్దు పెట్టుకోలేదు, తలకు నూనె అంటలేదు. మూడూ చెయ్యనివే! తాగినవి, దోచినవి కావు. ఇంటికొచ్చిన ప్రభువును మామూలు అతిథిగా కూడా చూడకపోవడం. విశ్వాసుల ఇళ్లలో పెరిగినవాళ్ల అప్పు ఎక్కువగా ఈ పద్దులోనే ఉంటుంది. చెయ్యాల్సింది చెయ్యకపోవడం, దగ్గరే ఉన్న ప్రభువును పట్టించుకోకపోవడం, పైగా ఆ స్త్రీలాంటి వాళ్లను చూసి మొహం చిట్లించుకోవడం.

ఇంకొక్క ముడి విప్పాలి. 47వ వచనంలో “ఆమె విస్తారముగా ప్రేమించెను గనుక ఆమెయొక్క విస్తార పాపములు క్షమించబడెను” అని ఉంది. పైపైన చదివితే ప్రేమించింది కాబట్టి క్షమాపణ దొరికింది అన్నట్టుంటుంది. అలాగైతే నీ గతి, నా గతి ఏం కాను? ఎంత ప్రేమిస్తే చాలునో ఎవరు చెప్పగలరు? కానీ “పొగ వస్తోంది గనుక లోపల మంట ఉంది” అంటాం చూడు, ఈ “గనుక” అలాంటిది. పొగ మంటను పుట్టించదు, ఉందని పట్టిస్తుంది. కథలో కూడా ముందు అప్పు కొట్టివేత, తర్వాతే “వీరిలో ఎవడు అతని ఎక్కువగా ప్రేమించును?” అన్న ప్రశ్న. చివర ఆమెతో “నీ ప్రేమ నిన్ను రక్షించెను” అనలేదు, “నీ విశ్వాసము నిన్ను రక్షించెను” అన్నాడు. ఈ వరస తలకిందులైతే సువార్త మొత్తం తలకిందులవుతుంది. పది ఆజ్ఞలకు ముందు కూడా “ఐగుప్తు దేశములోనుండి నిన్ను వెలుపలికి రప్పించితిని” అన్న మాట ఉంది (నిర్గమ 20:2). విడిపించాకే ఆజ్ఞ. 1563లో జర్మనీలో రాసిన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిలో ఈ వరసను ఎంత జాగ్రత్తగా పాటించారో చూస్తే ముచ్చటేస్తుంది. అందులో 129 ప్రశ్నలు, మూడు భాగాలు: మనిషి దురవస్థ, విమోచన, కృతజ్ఞత. పది ఆజ్ఞల వివరణను మూడో భాగంలో పెట్టారు. అంటే ఆజ్ఞలు పాటించడం రక్షణకు కట్టే రుసుము కాదు, రక్షింపబడినవాడి కృతజ్ఞత. ప్రార్థన కూడా ఆ భాగంలోనే!

ఇక చేతలకొస్తాను. మీ సంఘంలో ప్రభు బల్ల, అదే రొట్టె, పాత్ర పుచ్చుకునే ఆరాధన, నెలలో మొదటి ఆదివారమే కదా. దానికి ముందు శనివారం రాత్రి ఒక ముప్పావుగంట తీసి పెట్టు. పిల్లలు పడుకున్నాక అయితే మేలు. ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. బైబిలు యాప్ కాదు, పుస్తకమే తీసుకో. ఒక నోటుబుక్కు, పెన్ను.

లూకా 7లోని ఆ పదిహేను వచనాలు పైకి చదువు, పెదవులు కదిలేలా. రెండుసార్లు. మొదటిసారి ఆ స్త్రీ పక్కన నిలబడి చదువు, రెండోసారి సీమోను స్థానంలో కూర్చుని. రెండోది ఇబ్బందిగా ఉంటుంది, మానకు.

తర్వాత నోటుబుక్కు ఎడమ పేజీలో నీ పద్దు రాయి. “నా పాపములన్నియు” అని గంపగుత్తగా రాయొద్దు. గంపగుత్త ఒప్పుకోలుకి గంపగుత్త కృతజ్ఞతే వస్తుంది, అంటే దాదాపు ఏమీ రాదు. ఫలానా రోజు, ఫలానా మాట, ఫలానావాళ్ల పట్ల చెయ్యనిది, ఇలా రాయి. అయిదారు చాలు. పది నిమిషాలకు మించొద్దు, గడియారం చూసుకో. ఎందుకంటే ఈ పేజీలోనే కూర్చుండిపోతే అది పశ్చాత్తాపం నుంచి జారి తనను తాను తవ్వుకోవడమవుతుంది. అక్కడ ప్రేమ పుట్టదు, దిగులు పుడుతుంది. చాలామంది చిత్తశుద్ధి ఉన్నవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

కుడి పేజీకి ఇరవై నిమిషాలు ఇవ్వు, ఎడమదానికి రెట్టింపు. యెషయా 53:4-6 నీ చేత్తో ఎక్కించు, “మన” అన్న చోటల్లా “నా” అని. తర్వాత కొలస్సీ 2:14. మన మీద ఋణంగా, మనకు విరోధంగా ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టి దానిమీది చేవ్రాతను తుడిచేశాడు అని ఉంది అక్కడ. ఆ పత్రమేమిటనుకున్నావు? అప్పు తీసుకున్నవాడు తన చేత్తో రాసిచ్చే కాగితం. మన భాషలో ప్రోనోటు! మన ఊళ్లో అప్పు తీరాక ప్రోనోటు వెనక్కి తీసుకుని చించేదాకా ఎవడికీ నిద్ర పట్టదు కదా. ఈ ప్రోనోటు ఎక్కడుందో చూడు. సిలువమీద, ఆయనతోపాటు, మేకు దిగి ఉంది. ఇది రాశాక ఎడమ పేజీ చించి పారెయ్. దాచుకోవద్దు. దేవుడు తుడిచేసినదాని జెరాక్స్ నీ దగ్గరెందుకు?

ఆఖర్న కీర్తన 116 తియ్యి. “యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకు ఏమి చెల్లించుదును?” అని అడుగుతాడు కదా, జవాబు ఏం చెప్పుకున్నాడు? “రక్షణపాత్రను చేతపుచ్చుకొని” అంటాడు. ఏమిస్తావురా అంటే, ఇంకా తీసుకుంటాను అంటున్నాడు! కృపకు మొదటి జవాబు చేయి చాచి పుచ్చుకోవడమే. మర్నాడు పొద్దున ఆ చిన్న గిన్నె నీ చేతికొచ్చినప్పుడు ఈ వచనం తలుచుకో. రొట్టె, పాత్ర రెండూ నువ్వు ఇచ్చేవి కావు, నీకు ఇచ్చేవి.

ఆ రోజు కన్నీళ్లు రాకపోవచ్చు. వాటిని థర్మామీటరు చేసుకోకు. కొందరికి కళ్లు తొందరగా తడుస్తాయి, కొందరికి తడవవు, అది మనిషి తీరు. “మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు” (యోహాను 14:15) అన్నాడు గానీ కన్నీళ్లు కార్చుదురు అనలేదు. కానీ దీన్ని సాకు చేసుకుని మనసును మొద్దుగా ఉంచుకోవడం కూడా తప్పే. మూడు నాలుగు నెలలు వరసగా ఇది చేశాక నీ ప్రార్థనలో అడగడం కంటే స్తోత్రం ఎక్కువవుతుందేమో చూసుకో. నా లెక్కలో అదే మొదటి గుర్తు.

ఇంకో చెడ్డ అలవాటు గురించి చెప్పాలి, మన తెలుగు సంఘాల్లో బాగా పాతుకుపోయింది. ఉద్యోగం వస్తే ఇంత కానుక, బిడ్డ పుడితే ఫలానాది చేయిస్తాను అని ప్రభువుతో బేరం పెట్టుకోవడం. మ్రొక్కుబడి అనేదే తప్పని అనడం లేదు. అదే 116లో “నా మ్రొక్కుబళ్లు చెల్లించెదను” అని ఉంది కదా. అక్కడ ప్రాణం దక్కాక, ప్రేమతో, అందరి ముందూ చెల్లిస్తున్నాడు. మన బేరంలో ముందు మనం ధర చెబుతాం, పని జరిగితే ఇస్తాం. ఇలాంటి లెక్కలో పెరిగినవాడికి సిలువ అర్థం కావడం చాలా కష్టం, ఎందుకంటే అక్కడ బేరమాడటానికి ఏమీ మిగల్లేదు. నీ దశమభాగం సంగతి కూడా ఇక్కడే సరిచూసుకో. మాసిదోనియ సంఘాలు నిరుపేదరికంలో ఇచ్చిన చందాను పౌలు “దేవుని కృప” అనే పిలిచాడు (2 కొరింథీ 8:1). తొమ్మిదో వచనంలో కారణం చెప్పాడు, ఆయన ధనవంతుడై ఉండి కూడా మన కోసం దరిద్రుడయ్యాడని. ఈసారి కవరులో డబ్బు పెట్టేముందు ఆ వచనం ఒకసారి చదువు. మొత్తం మార్చనక్కర్లేదు, పెట్టే చేయి మారుతుంది.

నీ సేవ సంగతి. యౌవనస్థుల కూటం, ప్రభు బల్ల ఏర్పాట్లు, లెక్కలు అన్నీ నీ నెత్తినే ఉన్నాయని తెలుసు. తిబెరియ సముద్రపు ఒడ్డున ప్రభువు పేతురును ఎలా బాగుచేశాడో చూడు. యోహాను 21. పేతురు ఆయనను ఎరగనని బొంకింది బొగ్గుల మంట దగ్గర (18:18), ఇక్కడా ఒడ్డున బొగ్గుల మంటే. యోహాను సువార్తలో బొగ్గుల మంట ఈ రెండు చోట్లే కనబడుతుంది. ప్రభువు వెంటనే “నన్ను ప్రేమించుచున్నావా” అని అడగలేదు. రొట్టె, చేపలు సిద్ధం చేసి “రండి భోజనము చేయుడి” అన్నాడు. రాత్రంతా వల లాగినవాళ్లకి ముందు అన్నం పెట్టాడు. వాళ్లు తిన్నాకే అడిగాడు. ఆ తర్వాతే గొర్రెల పని అప్పగించాడు. నువ్వు ప్రతి ఆదివారం అందరికీ వడ్డించి నువ్వు తినకుండా ఇంటికెళ్తున్నావేమో, అది ఆలోచించు. అవసరమైతే రెండు నెలలు లెక్కల పుస్తకం ఇంకొకరికి ఇవ్వు. పాస్టరు గారితో కారణం దాచకుండా చెప్పు.

చివరిది, కాస్త గుచ్చుకుంటుంది. మీ అన్నయ్యతో స్థలం గొడవ. మత్తయి 18లో ఒకడికి పదివేల తలాంతుల అప్పు కొట్టేశారు. తలాంతుకు ఆరువేల దేనారాలు, అంటే మొత్తం ఆరు కోట్ల రోజుల కూలి. వాడు బయటికొచ్చి నూరు దేనారాల అప్పున్నవాడి గొంతు పట్టుకున్నాడు. నూరు దేనారాలు చిన్న సొమ్ము కాదు, నాలుగు నెలల కూలి. అన్నయ్య చేసిన అన్యాయం కూడా చిన్నది కాదు, నేనలా అనను. కానీ నీకు కొట్టేసినదానితో పోలిస్తే అది ఆరు లక్షల వంతుల్లో ఒక వంతు. ఎఫెసువాళ్ల మొదటి క్రియల్లో పోగులు పోసి కాల్చడం ఉంది కదా, నీకు కాల్చాల్సిన కాగితం ఇదేనేమో. స్థలం వదిలెయ్యమని చెప్పడం లేదు, అది పెద్దమనుషులు తేలుస్తారు. మాట్లాడటం మానేశావే, అది మొదలుపెట్టు. క్రిస్మసుకి కాదు, ఈ నెలలోనే.

ఎఫెసు సంగతి ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ప్రకటన గ్రంథం తర్వాత, రెండో శతాబ్దం మొదట్లో, అంతియొకయ బిషపు ఇగ్నేషియస్‌ను చంపడానికి రోమాకు బందీగా తీసుకెళ్తుంటే దారిలో స్ముర్న నుంచి ఎఫెసు సంఘానికి ఉత్తరం రాశాడు. మొదట్లోనే వాళ్లు దేవుని రక్తంలో మళ్లీ రగులుకున్నారని మెచ్చుకున్నాడు. బూడిద కింద నిప్పు మిగిలే ఉందన్నమాట.

వచ్చే నెల మొదటి ఆదివారానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. శనివారం అయ్యాక నాకు రాయి, ఎడమ పేజీలో ఏముందో నాకొద్దు, కుడి పేజీలో ఏ వచనం దగ్గర ఆగావో అది రాయి. చెల్లెమ్మకి, పిల్లలకి మా ఇంట్లో అందరి వందనాలు చెప్పు.

ప్రభువులో నీ స్నేహితుడు,
ప్రభాకర్